ఫుట్‌నోట్‌లో నాన్న

మార్చి 3
ఎమ్మే రెండో ఏడాదికి పార్టీ చరిత్ర మీద ఒక్కటే టెక్స్ట్‌బుక్ పెడతారట. రెండు పుస్తకాలు నా టేబుల్ మీద పెట్టి, రెండు వారాల్లో ఏదో ఒకటి తేల్చమన్నారు హెడ్ గారు. ఒకటి పేరున్న ప్రొఫెసర్‌ది. నవలలా సాగిపోతుంది. రెండోది ఎవరో కొత్తమ్మాయి థీసిస్. పేజీలో సగం ఫుట్‌నోట్లే. చదువుతుంటే నిద్రొస్తోంది.

మార్చి 6
ప్రొఫెసర్ పుస్తకంలో నాన్న ఉన్నాడు! పార్టీని నిషేధించిన రోజుల్లో అరెస్టయి, ఎన్ని దెబ్బలు తిన్నా నోరు విప్పని వాళ్లలో ఒకడిగా. ఒక్క వాక్యం. ఆధారమేదీ చూపలేదు. నాన్న పోయి తొమ్మిదేళ్లు. అమ్మకు చదివి వినిపించాను. పుస్తకం తీసుకుని మూసి పక్కన పెట్టేసింది.

మార్చి 9
రెండో పుస్తకం, 212వ పేజీ. పోలీసు ఫైలు నంబరు, తేదీ. అరెస్టయిన మూడో రోజున నాన్న నలుగురి పేర్లు చెప్పాడు. వారిలో ఒకాయన, ప్రెస్సులో కంపోజిటర్, లాకప్ నుంచి ప్రాణాలతో బయటికి రాలేదు.

మార్చి 10
క్లాసుకు వెళ్లలేదు.

మార్చి 12
ఆర్కైవ్స్‌లో ఆ ఫైలు తీయించాను. అబద్ధమైతే బాగుండునని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. సంతకం నాన్నదే. కానీ వణికిపోయి ఉంది. కింద డాక్టర్ నోట్: కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి. ఆ అమ్మాయి అదీ దాచలేదు, ఫుట్‌నోట్‌లో రాసింది. నేనే చూడలేదు.

మార్చి 13
నన్ను తప్పించమని హెడ్ గారిని అడిగాను. రెండూ చదివింది నేనొక్కదాన్నేనట. ప్రొఫెసర్ పుస్తకమే పెట్టినా ఎవరూ తప్పుపట్టరని మెల్లగా అన్నారు. జాలితోనే అన్నారు. అదే గుచ్చుకుంది.

మార్చి 15
అమ్మకు చెప్పేశాను. ఆమెకు ముందే తెలుసు.
"ఆ కంపోజిటర్ గారి భార్యకు చెప్పేస్తానని మీ నాన్న రెండుసార్లు వాళ్ల వీధి దాకా వెళ్లి వెనక్కొచ్చేశారే" అంది. ప్రొఫెసర్ పుస్తకంలో కంపోజిటర్ పేరుందా అని అడిగింది. వెతికాను. ఎక్కడా లేదు.
"అయితే రెండోదే పెట్టు" అంది. లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మార్చి 17
రిపోర్ట్ ఇచ్చాను. రెండో పుస్తకానికి కారణాలు ఆరు రాశాను. చివర, 212వ పేజీలోని వ్యక్తి మా నాన్న అని, నిర్ణయానికి ముందు కమిటీకి ఇది తెలియాలని రాశాను.

ఆగస్టు 21
ఇవాళ క్లాసులో రెండో పుస్తకంలోని ఆ చాప్టర్ చెప్పాను. పేర్లు చెప్పినతను తర్వాత ఏమయ్యాడని ఒకమ్మాయి అడిగింది.
ఇంటికొచ్చాడని చెప్పాను.