తోకలో కూర్చున్నవాడి బల్ల

లింకన్‌షైర్,
శుక్రవారం.

స్మారక సంఘం అధ్యక్షులు పికవర్ గారికి,

మా తమ్ముడు క్లెమ్ పేరుతో మీరు ఊరి బయట వేయించిన కూర్చునే బల్ల చూశాను. చెక్క మంచిదే, పేరులోనూ తప్పు లేదు. కానీ దాన్ని సముద్రం వైపు తిప్పి బిగించారు. ఇదేమిటని అడిగితే మీరు, "యుద్ధంలో బాంబర్ విమానాలు వెళ్లిన దిక్కు కదమ్మా. ఇటు తిప్పితే చూడ్డానికి ఏముంది, క్యాబేజీ మళ్లూ మీ ఇంటి పొగగొట్టమూ తప్ప" అన్నారు.

ఎన్నిసార్లు చెప్పాలండీ, వాడు పైలట్ కాదు. విమానం తోకలో వెనక్కి తిరిగి కూర్చునే తుపాకివాడు. వెళ్లేటప్పుడు వాడికి కనిపించింది ఆ పొగగొట్టమే. "తిరిగొచ్చేటప్పుడు ఊరొచ్చిందని అందరికన్నా ఆఖర్న తెలిసేది నాకేనే అక్కా" అని నవ్వేవాడు.

ఆఖరిసారి గాయాలతో తిరిగొచ్చాడు. విమాన స్థావరంలో అంబులెన్సు నడిపేదాన్ని నేనే కాబట్టి, ఆసుపత్రికి మా వీధిగుండానే తీసుకెళ్లాను. వెనక స్ట్రెచర్ మీద తల ఎత్తి, నా భుజం మీదుగా ముందుకు చూశాడు.

"మనిల్లు ఎదురొస్తుంటే ఇలా ఉంటుందా" అన్నాడు. మర్నాడు పోయాడు.

సముద్రమే చూడాలనుకుంటే ఇంకెవరి పేరైనా చెక్కించుకోండి. లేదా ఆదివారం పొద్దున బల్ల దగ్గర జరిగే ప్రార్థనకు ముందే బల్ల తిప్పించండి. పానా మీ దగ్గర లేకపోతే మా ఇంట్లో ఉంది, మనిషిని పంపండి.

చూడ్డానికి ఏమీ లేదని మళ్లీ అనకండి. ఆ పొద్దున పొగ కనిపించేలా నేను పొయ్యి రాజేసి ఉంచుతాను.

ఇట్లు,
క్లెమ్ అక్క