కిటికీల కొత్త పలక

సహస్ర బాపూ, మా చెల్లెను చూడ కోరుట్ల పోతున్న, పొద్దుగూకెవరకు అస్త.

పండుగ సెలవులు అయిపోయినయ్, ఇయ్యాల్టి సంది పిల్లలకు ఇంట్ల మళ్ల చదువు షురూ. మొదటి దినమే గదమాయించకు, ఒక్క గంట చాలు. సహస్ర ఆరో తరగతి తెలుగు పాఠం గట్టిగ చదువుతది, చిన్నది లాస్య అ ఆలు దిద్దుతది. నాకేం చదువొచ్చు అని తప్పించుకోకు, పక్కకు కూసో.

లాస్య నోటుబుక్కు ఆఖరి పేజీల ఉమారాణి అని నా పేరు ఐదుసార్లు రాసున్నది. గా రాత దానిది కాదు. బట్ట నేసే సాంచల కాడికెంచి అచ్చి చాటుకు రాసుడు నేర్చుకుంటున్నవ్, నాకొక్క మాట చెప్పకపోతివి. అందుకే చీటీ పెద్ద అక్షరాలల్ల రాసిన.

ఉమ

కిటికీల కొత్త పలక పెట్టిన. సహస్రతోని చదివించుకోకుంట గీడిదాక నువ్వే చదివినవంటే, అది నీదే.