మా రెండిళ్లలో ఒకటి వెనక్కి తీసుకోమని

పాత నివాసముల పునరుద్ధరణ కార్యాలయపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఒంటరి మహిళల కోటాలో మాకు విడివిడిగా కేటాయించిన రెండు ఇళ్లలో ఒకదానిని వెనక్కి తీసుకొని, రెండవ దానిలో ఇద్దరినీ ఉండనిచ్చుట గురించి.

తమరు బాగుచేయించిన పాత భవనంలో మొదటి అంతస్తున చిరకాలం అద్దెకుండి, ఇంటివద్దనే కుట్టుమిషనుపై కర్టెన్లు, దిండు గలీబులు కుట్టి జీవించుచున్న నేను సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. తమ కార్యాలయం తరఫున పరీక్షకులు వచ్చి, మా గోడల రంగు గీకి, బూజు పట్టిన చెక్కలు కోసి, గదుల్లో గాలి పట్టే డబ్బాలు పెట్టి వెళ్లినారు. రంగులో సీసం ఉన్నదనియు, కింద ఒకప్పుడు నడిచిన అద్దకం దుకాణం రసాయనాలు నేలలో ఇంకి వాటి ఆవిరి మా ఇళ్లలోకి వచ్చుచున్నదనియు తేల్చినారు. ఏళ్ల తరబడి నన్ను వదలని తలనొప్పి సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ వచ్చినదని అనుకొంటిని. అది కాదని చెప్పినందుకు తమరికి కృతజ్ఞురాలను. పరీక్షకుల్లో ఒకమ్మాయి వివరాలు రాసుకుంటూ, ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగినది. ఒక్కదాన్నే అన్నాను. ఏదైనా జరిగితే ఎవరికి కబురు చేయాలని అడిగినది. ఆలోచించి చెప్తానన్నాను. ఆ అమ్మాయి మంచిది, మళ్లీ అడగలేదు.

2. మరమ్మతు పూర్తయ్యే వరకు మమ్మల్ని తాత్కాలిక వసతికి తరలించినారు. గదులు చాలక ఒంటరి ఆడవాళ్లను ఇద్దరేసి చొప్పున సర్దినారు. నాకు జతపడినది సరిగ్గా మా నెత్తిమీద కాపురమున్న టికెట్లావిడ. బస్‌స్టాండు కౌంటర్లో టికెట్లు ఇచ్చి రిటైరైన మనిషి గనుక అందరూ అలాగే పిలుస్తారు. ఆవిడ కుర్చీ జరిపితే నా తల దిమ్మెక్కేది. నేను మిషను తొక్కితే ఆవిడ నేల అదిరేది. నేను చీపురుకర్రతో పైకప్పు పొడిచేదాన్ని, ఆవిడ కాలితో నేల తన్నేది. ఇన్నేళ్లలో మా ఇద్దరికీ నడిచిన మాటామంతీ అంతే. అటువంటి మనిషితో ఒకే గదిలో ఉండవలసి వచ్చినందుకు అప్పట్లో తమ కార్యాలయాన్ని నోరారా తిట్టుకొంటినని మనవి. మొదటి రోజే గది మధ్యన కర్టెను కుట్టి కట్టేశాను.

3. ఒకనాటి మధ్యాహ్నం మిషను ముందు కూర్చున్నదాన్ని కళ్లు తిరిగి కిందపడ్డాను. కర్టెను తోసుకొని వచ్చి నన్ను లేపినది ఆవిడే. ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకొని ఆసుపత్రికి తీసుకుపోయినది. అక్కడ నర్సు, పేషెంటుకు మీరేమవుతారని అడిగింది.

"మా చెల్లెలు," అన్నది టికెట్లావిడ.

నేను బల్లమీద కళ్లు మూసుకొని ఉన్నాను గానీ విన్నాను. అయ్యా, మా అమ్మ పోయిన తరువాత నేను ఎవరికీ ఏమీ కాలేదు. పాత ఇంటి గాలి ఒంట్లోంచి పోవడానికి కొంతకాలం పడుతుందని డాక్టరు గారు మందులిచ్చి పంపినారు. దారిలో ఆవిడ, ఏమీ కానంటే లోపలికి రానివ్వరని అలా అన్నానని చెప్పినది. అర్థమైందన్నాను. మరునాడు కర్టెను తీసి ఉతికాను. ఆరిన తరువాత మళ్లీ కట్టలేదు. ఎందుకు కట్టలేదని ఆవిడా అడగలేదు.

4. ఇప్పుడు భవనం సిద్ధమైనది. నేల కింది చెడుగాలిని బయటికి లాగే గొట్టాలు, కొత్త రంగు, గట్టి కిటికీలు, అన్నీ ముచ్చటగా ఉన్నవి. అద్దె కూడా మాబోటివాళ్లు భరించగలిగినంతే పెట్టినారు. టికెట్లావిడకు తన పాత అంతస్తే వచ్చినది. మా అంతస్తు గాలి యంత్రాలకు పోయినందున నాకు రోడ్డవతల భవనంలో ఇల్లు ఇచ్చినారు. వంక పెట్టడానికి లేని ఇల్లు. గోడల లోపల ఏదో దట్టంగా నింపినారట, పక్కవాళ్ల చప్పుడు ఇటు రాదు, ఇటుది అటు పోదు. మొన్న మిషను తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి ఆపాను, ఎవరైనా కసురుకుంటారేమోనని. ఎవరూ కసరలేదు. స్టూలెక్కి చీపురుకర్రతో పైకప్పు పొడిచాను. పైన ఎవరుంటారో కూడా నాకు తెలియదు. కాసేపు చూసి దిగాను. ఈ వయసులో స్టూలెక్కడం ఏమిటని సిగ్గేసింది.

5. తమ కార్యాలయపు గుమాస్తా గారిని కలిసి, ఒకే ఇల్లు చాలునని కాగితం రాసిచ్చి చెప్పుకొన్నాను. రక్తసంబంధం లేనివారిని ఒక కుటుంబంగా రాయడానికి వీలు లేదన్నారు. ఇల్లు కావాలని వచ్చేవాళ్లే గానీ వద్దని వచ్చినవాళ్లను చూడలేదన్నారు.

"రేపు మీ ఇద్దరికీ పడకపోతే?" అని అడిగారు.

"ఇన్నేళ్లూ పడలేదు కదండీ," అన్నాను.

ఆయన నవ్వారు గానీ కాగితం తిరిగి ఇచ్చేశారు. తాత్కాలిక వసతిలో మా పక్కగది వడ్రంగి కుటుంబం, పిల్లలూ ముసలివాళ్లూ కలిసి, ఇంకా ఇల్లు రాక అక్కడే ఉన్నారు. మాకు మిగిలే ఇల్లు వాళ్లకిస్తే సరిపోవునని నా అభిప్రాయం.

6. ఇంకొక సంగతి దాచుట న్యాయం కాదు. ఈ విషయం నేను టికెట్లావిడను అడగలేదు. తాళంచెవి అందుకున్న రోజు ఆవిడ మొహం వెలిగిపోవడం చూశాను. అడిగితే వద్దంటుందేమో. తమరు కాదంటే నియమాలు ఒప్పుకోలేదని సరిపెట్టుకొందును. ఆవిడ కాదంటే ఏమని సరిపెట్టుకొందును? కావున ముందుగా తమరినే అడుగుచున్నాను. తమరు సరేనంటే, ఆఫీసువారే ఇలా చేశారని ఆవిడకు చెప్పుకోవచ్చునని నా ఆశ.

కావున పై సంగతులన్నీ తీరిక చేసుకొని చిత్తగించవలెనని, కాదనునట్లయితే ఆ మాట ఉత్తరం ద్వారా కాక పిలిపించి చెప్పవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయురాలు,
కుట్టుపని చేసుకొనునది

తాజా కలం: ఇది మడుస్తుండగా ఆవిడే వచ్చింది. దారిలో పనుండి వచ్చానంది. ఇటువైపు ఆవిడకు ఏ పనీ ఉండదు. ఏమిటా కాగితమని చేతిలోంచి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని నిలబడే చదివింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్లి, ఏమీ లేని గిన్నెలో గరిట తిప్పుతూ ఉండిపోయాను. ఆరో అంశం దగ్గర కాబోలు, స్టూలు జరుపుకుని కూర్చున్న చప్పుడైంది.

"అంతా నీ సంగతే రాసుకున్నావు," అంది. "నాదీ రాయి. పొద్దున లేచింది మొదలు ఎవరితో ఒక్క మాటా లేకుండా చీకటి పడుతోంది. గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి ఉత్తుత్తినే దగ్గుతున్నాను. అది కూడా రాయి."

రాశాను. కింద ఆవిడ సంతకం కూడా ఉంది, చూడగలరు.