లిస్టులో లేని దీవి

4 జనవరి 2010, సోమవారం

సలోమి అండమాన్ వెళ్తున్నది. మా చర్చి మార్తతో.

నలభై ఏళ్ల స్నేహంలో ఇంత పెద్ద వార్తను నిన్న చర్చి మెట్ల మీద, చెప్పులు వేసుకుంటూ చెప్పింది. సంతోషం అన్నాను. సంతోషం కలగలేదు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. దసరా రోజుల్లో ఆమె ముందుగా నన్నే అడిగింది. "అక్కా, నువ్వొస్తవా?" అని. నేను గుంపులతో ప్రయాణాలు చేయనన్నాను. రెండోసారి అడుగుతుందనుకున్నాను. మా బందరు వైపు కాఫీకైనా మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి అడగడం అవతలివాళ్ల మర్యాద. సలోమి పుట్టి పెరిగింది మౌలాలి రైల్వే కాలనీలో. వద్దంటే వద్దనే అనుకుంటుంది. వెళ్లి మార్తను అడిగింది.

మార్తకు ద్వీపానికీ ద్వీపకల్పానికీ తేడా తెలియదు.

6 జనవరి, బుధవారం, సాయంత్రం ఐదు

రెండు బస్సులు మారి బొల్లారంలో మా ఇంటికి వచ్చింది సలోమి. చేతిలో ఒక తెల్ల కాగితం. ట్రావెల్స్ వాడిచ్చిన కాగితం మార్త దగ్గర ఉన్నదట గానీ, ఈమెకు దాని మీద నమ్మకం లేదట. "గాడు పైసల కోసం రాస్తడక్కా. నువ్వు జాగ్రఫీ టీచరమ్మవు. ఏడేడ చూడాల్నో నువ్వే రాసియ్యి, కండ్లు మూసుకొని పోతా" అన్నది.

పొంగిపోయాను. సిగ్గు లేకుండా పొంగిపోయాను. ఎర్ర ఇంకుతో నంబర్లు వేసి రాశాను. సెల్యులర్ జైలు, చీకటి పడ్డాక లైట్ అండ్ సౌండ్ షో వరకూ ఉండాలి. రాస్ ఐలండ్, పాడుబడిన చర్చి గోడలను వేళ్లు అల్లుకున్నాయి, జింకలు మనుషులకు బెదరవు. చిడియా టాపులో సూర్యాస్తమయం. జాలీ బాయ్‌లో అడుగున అద్దమున్న పడవ; పగడాలను ముట్టుకోరాదు. బారాటాంగ్‌లో సున్నపురాయి గుహలు. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచికి మూడు దాటాకే వెళ్లాలి, ఎండ వాలితే నీటి రంగు మారుతుంది. ఓడ ఎక్కేముందు అల్లం ముక్క నమలాలి. అలా తొమ్మిది.

పదోది నీల్ దీవి. రాయలేదు.

బి.ఏ. రెండో ఏడు నుంచి నా అట్లాసులో హేవ్‌లాక్ కింద పెన్సిలు సున్న ఉన్నది. ముప్పై రెండేళ్లు రంగు సుద్దలతో బోర్డు మీద పగడపు దిబ్బలు వేశాను. నీల్‌లో ఆటు సమయంలో రాతి వంతెన కింద చీలమండ లోతు నీళ్లలో నడుస్తూ వాటిని చూడవచ్చట. పడవ అక్కరలేదు, తోడు అక్కరలేదు. అది నాది. ఒక్కదాన్నే వెళ్తాను. మార్త చెప్పులు నాకంటే ముందు అక్కడ పడరాదు.

11 జనవరి, సోమవారం

వెళ్లారు. మార్త పువ్వుల టోపీ కొన్నదట. అరవై నాలుగేళ్లు.

15 జనవరి, శుక్రవారం

సూర్యగ్రహణం. అండమాన్‌లో కూడా కనిపిస్తుందని పేపర్లో వేశారు. అక్కడ మబ్బు పట్టి ఉంటే బాగుండును.

17 జనవరి, ఆదివారం

చర్చిలో సలోమి కూర్చునే చోట ఎవరో కొత్త మనిషి కూర్చున్నది. లేపాను.

21 జనవరి, గురువారం, సాయంత్రం ఏడు

యాప్రాల్‌లో మార్త ఇంట స్త్రీల మైత్రి కూటం. ఎవరైనా ప్రయాణం చేసి క్షేమంగా వస్తే కూటంలో సాక్ష్యం చెప్పడం మా ఆనవాయితీ.

సలోమి నా కాగితాన్ని బైబిలులో నుంచి తీసింది. ఉప్పునీటికి ఎర్ర ఇంకు చెదిరి ఉన్నది. ఒక్కొక్క నంబరూ చదివి, అక్కడ చూసిందంతా చెప్పి, ప్రతిసారీ నా వైపు చెయ్యి చూపింది. రాస్ చర్చిలో నిలబడి నా పేరున ప్రార్థన చేసిందట. గర్వపడుతూ విన్నాను.

తరువాత మార్త లేచి ఫోటోలు తిప్పింది. రాతి వంతెన. దాని కింద, నీళ్లలో, పువ్వుల టోపీ.

హేవ్‌లాక్‌లో పడవ నడిపే పోలరాజు శ్రీకాకుళం వాడట. "నీల్ సూడకుండా ఎల్లిపోతే ఇంకేటి సూసినట్టమ్మా?" అన్నాడట. మార్త ఓడెక్కింది. సలోమి ఎక్కలేదు. "మా అక్క రాయలేదంటే ఆడ ఏం లేనట్టే" అని జెట్టీ బల్ల మీద కూర్చున్నదట, పొద్దున నుంచి సాయంత్రం ఓడ తిరిగి వచ్చేదాకా.

"టీచరమ్మా, గింత మంచి జాగ మీ లిస్టుల ఎందుకు లేదు?" అని మార్త అందరి ముందూ అడిగింది.

సునామీలో పాడైందని చదివానన్నాను. ఎక్కడా చదవలేదు.

సలోమి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "నే చెప్పలే? అక్క ఊకెనే ఇడిసిపెడ్తదా!" అని మార్తను ఎత్తిపొడిచింది. అందరూ నవ్వారు. నేను మార్త చేసిన కేకు తిన్నాను. రెండు ముక్కలు.

7 ఫిబ్రవరి, ఆదివారం

మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం. తోటివారితో మనస్పర్థలు తీర్చుకుని సమాధానపడినవారే ఆల్టరు దగ్గరికి రావాలని పాస్టరు అయ్యగారు ప్రతినెలా చెప్పే మాటే చెప్పారు. యాభై ఏళ్లుగా ఆ మాట వింటూనే లేచి నడిచేదాన్ని. ఇవాళ లేవలేదు. బెంచీలో ఒక్కదాన్నే మిగిలాను. చర్చి అంతా చూసింది.

8 ఫిబ్రవరి, సోమవారం

పదింటికే సలోమి వచ్చింది. స్టీలు క్యానులో మేకకాళ్ల పాయా. "లేవకపోతివేందక్కా? సుగర్ గిట్ల పడిపోయిందా? రాత్రంత పరేషాన్ అయిన" అన్నది.

అట్లాసు తెచ్చి ఆ పేజీ తెరిచాను. పెన్సిలు సున్న చూపించాను. సునామీ మాట అబద్ధమని చెప్పాను. మార్త మీద ఏడ్చానని కూడా చెప్పాను. ఈ వయసులో అలాంటి వాక్యం పూర్తి చేయడం ఎంత కష్టమో ఇంతకుముందు తెలియదు.

సున్న మీద వేలు పెట్టింది. యాదికుండి కూడా రాయలేదా అని అడిగింది. అవునన్నాను.

"ఆరు గంటలు కూసున్నక్కా. మార్త చెయ్యి పట్టి గుంజింది. అయినా పోలె."

కాఫీ ఇస్తానన్నాను. వద్దన్నది. మళ్లీ అడిగాను. మళ్లీ వద్దన్నది. క్యాను వదిలి వెళ్లిపోయింది.

20 ఫిబ్రవరి, శనివారం

సలోమి ఫోన్ లేదు. నేనూ చేయలేదు.

చేశాను. మూడుసార్లు. ఎత్తలేదు.

7 మార్చి, ఆదివారం

సంస్కారానికి నేను లేవలేదు. ముందు బెంచీలో సలోమి కూడా లేవలేదు. తక్కిన వాళ్లంతా, మార్తతో సహా, లేచి వెళ్లారు. అందరూ పాడుతుండగా తల తిప్పకుండానే అడిగింది, నీల్‌కు ఓడ ఎంతసేపని. గంటన్నర అన్నాను. ఈసారి కాయితం వద్దు, వస్తవా అన్నది.

మొదటిసారికే వస్తానన్నాను.