పడవ పేరు పిలవని రోజు

యారాడ,
20-3-2003.

అయ్యకు నమస్కరించి నీ పెద్దమ్మాయి కుసుమకుమారి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నేను, చెల్లి అనూరాధ, ఆఖరికి పెరట్లో కుంటి మేక కూడా కులాసా. అంత దూరం గుజరాత్‌లో, ఆ వేరావల్ రేవులో నువ్వూ, మన పడవ అమ్మేశాక నీతోపాటే అక్కడికి కూలికెళ్ళిన మనవాళ్ళు ఏడుగురూ బాగున్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను. ఇంటికి కొత్త తాటాకు వేయించాం. అనూరాధ లెక్కల్లో గట్టెక్కింది, మార్కులెన్నని మాత్రం అడక్కు. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. చేపల తట్ట మోసుకుని గాజువాక దాకా వెళ్ళొద్దంటే వినదు. అక్కడ దిగేసరికి తన కోసం నలుగురు ఎదురుచూస్తుంటారట. ఇక నాలుగోది. కాలేజీలో పట్టాలిచ్చే రోజు మన పడవ పేరు ఎలా పిలిచారు, ఎవరెవరు లేచి నిలబడ్డారు అని అడిగావు. అమ్మ ఎస్టీడీ బూత్ నుంచి చెప్పింది నీకు చాలలేదు, నా చేత్తో వివరంగా రాయమన్నావు. రాస్తాను. అయితే ముందు ఆ రోజు భాగోతం మొత్తం నువ్వు వినాలి.

కాలేజీకి ఇప్పుడు కార్యదర్శి భీమశంకరరావు. రొయ్యలు ఎగుమతి చేసే పెద్దమనిషి. వాళ్ళ నాన్న మన తాత పక్కన కూర్చుని వలలు అల్లినవాడేనని నువ్వే చెప్పావు. కొడుక్కి మాత్రం ఇప్పుడు చేపల వాసన తగిలితే తలనొప్పి వస్తుందట. డబ్బాల్లో పెట్టి ఓడెక్కించే రొయ్యలకు వాసన ఉండదు కాబోలు. కాలేజీ పెట్టి ముప్పై ఏళ్ళయిందని ఆయన ఈసారి పట్టాల పండుగకు ‘వారసత్వ దినోత్సవం’ అని పేరు పెట్టాడు. వారసత్వం అంటే ఏమిటో ఆ బ్యానరు రాసినవాడికి తెలియదు, రాయించినవాడికి అసలే తెలియదు.

వేదిక మీద థర్మకోల్‌తో ఒక పడవ చేయించారు. గోడ అవతల రేవులో పాతిక అసలు పడవలు ఉండగా, లోపల తెల్లగా పిండిబొమ్మలా ఇదొకటి. చుక్కాని ముందు వైపు పెట్టారు. చెప్పబోతే డెకరేషన్ వాడు నన్ను ఎగాదిగా చూసి, ‘అటేపైతే జనానికి అగుపడదమ్మా’ అన్నాడు. ముఖ్య అతిథి హైదరాబాద్ నుంచి వచ్చిన రిటైర్డ్ ఆఫీసరు. ఆయన బూట్లతోనే ఆ పడవెక్కి ఫొటోలకు నిలబడ్డాడు. చెప్పులతో పడవ మీద కాలు పెడితే నువ్వు మనిషిని నీళ్ళలోకి తోసేసేవాడివి. ముందు వరసలో మన ముసలమ్మలు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. రెండో ఫొటోకు ఆయన కాలు థర్మకోల్‌లో దిగబడింది. ఇద్దరు లెక్చరర్లు పట్టుకు లాగితే గాని బయటికి రాలేదు. ఆ రోజు నాకు కాస్త ఆనందం కలిగింది అప్పుడే.

తర్వాత ఎక్కడో ఇంగ్లీషు మీడియం స్కూలు పిల్లలు వచ్చి మత్స్యకార నృత్యం చేశారు. తళుకుల చీరలు, నెత్తిన తట్టల్లో ప్లాస్టిక్ చేపలు, నడుములు తిప్పడం. అమ్మ అలా నడుం తిప్పుతూ నడిస్తే ఘాట్ రోడ్డు దిగేలోపు చేపలన్నీ లోయలో ఉంటాయి. ఆ తర్వాత ముఖ్య అతిథి ఉపన్యాసం, నలభై నిమిషాలు. మనల్ని సముద్రపుత్రులు అని పదకొండుసార్లు అన్నాడు, నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆ పదకొండుసార్లూ జేబురుమాలు ముక్కు దగ్గరే ఉంది. భీమశంకరరావు పక్కన కూర్చుని, పెళ్ళికూతురి తండ్రిలాగా తల ఊపుతూనే ఉన్నాడు.

మా వేషాలూ చెప్పుకోవాలి. నల్ల గౌన్లు ఊళ్ళో నాటకాల సామాను అద్దెకిచ్చే షాపు నుంచి తెచ్చారు. నా గౌను జేబులో ఎవరిదో తమలపాకుల పొట్లం దొరికింది. అంతకుముందు వారం ఏ జడ్జి వేషమో వేసి ఉంటాడు. నెత్తిన నలుచదరం టోపీ. దాన్ని చూసి అమ్మ, ‘ఏటే ఆ నెత్తి మీద పలక? సదువైపోనాక కూడా మొయ్యాలేటి?’ అంది. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు, నా పరువు పోయినట్టనిపించింది. ఆ ముక్క గుర్తుపెట్టుకో అయ్యా, నేనెలా తయారయ్యానో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. శ్రీరామ్మూర్తి మాస్టారు వలల షెడ్డులో కాలేజీ మొదలుపెట్టినప్పుడు మనవాళ్ళ పిల్లలకు ఇంకెక్కడా సీటు ఇవ్వలేదని నువ్వు చెప్పేవాడివి. వేటకు వెళ్ళొచ్చిన ప్రతి పడవా పడవ వాటా, వల వాటా, మనుషుల వాటాలు తీశాక ఒక గంపెడు చేపలు చదువు వాటాగా పక్కన పెట్టేది. ఆ గంపల మీద కట్టిన గోడలవి. అందుకే పట్టా ఏ ఒక్కరిదీ కాదని మాస్టారు ముందు పడవ పేరు పిలిచి, తర్వాతే పిల్లల పేరు పిలిచేవారు. ఆ పడవ మీద పనిచేసేవాళ్ళూ వాళ్ళ ఇంటివాళ్ళూ లేచి ‘ఉన్నాం’ అనేవారు. వేరే పడవ వాళ్ళు నోరు మెదపకూడదు. నీకు తెలియనిదేం కాదు. నన్ను భుజాన కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు ఆ పిలుపులు వినిపించావు.

ఈ ఏడు పడవల పేర్లు పిలవలేదు. సీరియల్ నంబరు, ఇంటిపేరు, పేరు, అంతే.

అమ్మ నీకు ఫోన్లో చెప్పింది అబద్ధం. హాలంతా మన పడవ పేరు మారుమోగిందని, జనమంతా చప్పట్లు కొట్టారని చెప్పింది కదా. అక్కడ అలాంటిదేమీ జరగలేదు. నన్ను కాపాడటానికి అలా చెప్పింది. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది సింహాద్రి చిన్నాన్న అనీ, గదిలో మిగతావాళ్ళంతా వింటుంటారనీ నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. చిన్నాన్నా, ఏ మాటా దాటెయ్యకుండా చదువు.

జనవరిలో కార్యదర్శి గదిలో మీటింగు పెట్టారు. విద్యార్థుల తరఫున నేనూ, ఇంకో ఇద్దరూ వెళ్ళాం. పడవల పేర్లు అరవడం, జనం లేచి కేకలెయ్యడం హైదరాబాద్ వాళ్ళ ముందు మోటుగా ఉంటుందని, ఈసారి మానేద్దామని భీమశంకరరావు అన్నాడు. మీరేమంటారని మమ్మల్ని అడిగాడు. మిగతా ఇద్దరూ తలలు వంచుకున్నారు. నేను చెయ్యెత్తి, ‘మానేయడమే మంచిదండీ’ అన్నాను. ఆయన నా భుజం తట్టి, కాలేజీకి ఇలాంటి పిల్లలే కావాలన్నాడు. ఇందాకటి నుంచి ఆ మనిషిని ఎన్ని తిట్లు తిట్టానో చూశావుగా. ఆయన అడిగాడు, సరేనన్నది నేను.

ఎందుకో చెబుతాను. నువ్వు పైడితల్లి పడవ అమ్మి రెండేళ్ళయింది. కొన్నవాళ్ళు పేరు చెరిపేసి నీలం రంగు వేసేశారు. అమ్మిన పడవ పేరు పిలవరని, నా వంతు వచ్చేసరికి పేర్లు పిలిచేవాళ్ళు ఆగిపోయి కాగితం వంక చూస్తారని, అందరూ నన్ను పడవ లేని పిల్లగా చూస్తారని నాకు నేనే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. నాకు లేనిది ఇంకెవరికీ ఉండకూడదనుకున్నాను అయ్యా. భీమశంకరరావుది ఒట్టి డాబు. నాది అంతకంటే నీచం.

ఆ రోజు నా పేరు పిలిచారు. ‘నలభై ఒకటి, చోడిపల్లి కుసుమకుమారి, బీకాం.’ మెట్లెక్కి ముఖ్య అతిథి ముందు నిలబడ్డాను. అప్పుడు వెనక వరసలోంచి అమ్మ లేచింది. తట్ట దించి నేరుగా గాజువాక నుంచి వచ్చింది, కొంగు ఇంకా నడుముకే ఉంది. ‘పైడితల్లి పడవ’ అని తానే పిలిచి, తానే ‘ఉన్నాం’ అంది. మీరందరూ వేరావల్‌లో ఉన్నారు, అనూరాధ పరీక్షలో ఉంది. అమ్మ ఒక్కతే నిలబడి ఉన్నాం అంది. హాల్లో కొందరు కిసుక్కున నవ్వారు. వాలంటీరు వచ్చి అమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు.

ముఖ్య అతిథి పట్టా ఇవ్వబోయి ఆగి, ‘ఎవరమ్మా ఆవిడ?’ అన్నాడు.

‘తెలియదండీ’ అన్నాను.

మైకు మా ఇద్దరి మధ్యే ఉంది. ఆ మాట హాలంతా వినపడింది. అమ్మ కూర్చుంది. కొంగు విప్పి భుజం మీదుగా కప్పుకుంది. నేను పట్టా అందుకుని, నవ్వి, ఫొటో దిగాను. ఆ ఫొటో వచ్చింది, నీకు పంపను.

తిరిగి వస్తుంటే బస్సులో అమ్మ కిటికీ వైపు కూర్చుంది. ‘మనకిప్పుడు పడవే లేదు కదమ్మా’ అని గొణిగాను. అది విని వెనక సీట్లో జోగమ్మ అవ్వ నా జడ పట్టుకుని వెనక్కి లాగి, ‘నా పెనిమిటి పడవ తుపానులో పోయి నలభై ఏళ్ళయినాది. నా మనవణ్ణి ఆ పేరుతోనే పిలిసినారు. పడవ పోతే పేరు పోద్దేటి? మీ అమ్మనైనా అడిగినావా నువ్వు?’ అంది. కండక్టరు కూడా విన్నాడు. నేను టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇల్లు చేరాక అమ్మ, ‘మీ అయ్యకి నాను సెప్పుకుంటాను, నువ్వేటీ రాయొద్దు’ అంది. ఆ వచ్చిన ఆదివారం బూత్‌కి వెళ్ళి నీతో ఆ మాటలు చెప్పింది. నేను పక్కనే నిలబడి విన్నాను, ఫోను లాక్కోలేదు.

నీ ఉత్తరం వచ్చాక అమ్మకి క్షమాపణ చెప్పబోయాను. ‘అన్నం తిను’ అంది. రెండు రోజులుగా అదే మాట. అందుకని నీకు రాస్తున్నాను. కాలేజీ కమిటీకి కూడా ఒక కాగితం రాశాను. పిలుపు మానేయడానికి సలహా ఇచ్చింది నేనేనని, అది తప్పని, వచ్చే ఏడు పిలవకపోతే హాలు గుమ్మంలో నేనే నిలబడి పిలుస్తానని. భీమశంకరరావు అది చదివి నన్ను పొగరుబోతు అంటాడు. అననీ.

నువ్వు నన్ను తిట్టు అయ్యా. చిన్నాన్న చేత రాయించు. దయచేసి ఊరుకోవద్దు, అమ్మ ఊరుకుంటే తట్టుకోలేకపోతున్నాను.

ఇంతవరకు రాసేసరికి అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ‘ఏటి రాస్తన్నావు?’ అంది. అయ్య అడిగినదానికి జవాబు అన్నాను. మొత్తం చదివి వినిపించాను. ‘తెలియదండీ’ అన్న మాట కూడా దాటెయ్యకుండా చదివాను. అమ్మ కాగితం తన వైపు తిప్పుకుని, చదవడం రాకపోయినా, కింద ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టింది.

‘నీ పేరు రాసినప్పుడు ముందు పడవ పేరు రాయి’ అంది.

ఇట్లు,
పైడితల్లి పడవ,
నీ కూతురు కుసుమకుమారి.