మేకుల మేడం

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తదు, ఎత్తినా రెండు ముక్కల్లో పెట్టేస్తుంది, ఈ ఉత్తరాలేమిటి మధ్యలో అని నువ్వు విసుక్కుంటావని తెలుసు. మా సందులో ఫోన్ సరిగ్గా పలకదు. నీ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది. పైగా రాస్తే కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. పగలంతా ప్రెస్సులో కూర్చుని ఇంకొకళ్ల వాక్యాలు దిద్దేదాన్ని, నావి దిద్దుకునే వీలుండాలిగా.

"కర్ర పట్టుకుని బీడు భూముల్లో తిరుగుతున్నావట, ఎవరి మీద కోపం?" అని రాశావు. అది కర్ర కాదు, మెటల్ డిటెక్టర్. కోపం సంగతి తర్వాత చెప్తాను.

ఒక పత్రికలో ప్రకటన చూసి కొన్నాను. నా వయసావిడే ఒకావిడ అరచేతిలో పాత నాణెం పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు చూసి పడిపోయాను. గంటసేపు ఊపాక చెయ్యి మనది కానట్టు వేలాడుతుందని ఆ ప్రకటనలో ఎవరూ రాయలేదు. మూరెడు లోతు వరకూ పట్టేస్తుందన్నారు, జానెడు లోతుకే చేతులెత్తేస్తోంది. కరెంటు తీగల కిందికి వెళ్తే చంటిపిల్లలా ఒకటే ఏడుపు. వాన పడితే తడిమట్టికే మోగుతుంది. మోకాళ్ల మీద కూలబడి, తవ్వి, మట్టంతా వేళ్లతో చిదిపి చూస్తే సీసా మూత, లేదా మందుబిళ్లల రేకు, లేదా మేకు. గుంట పూడ్చి లేచేసరికి నడుం పట్టేస్తుంది. అన్నిటికంటే బాధ జనం. మొన్న ఒక వాచ్‌మన్ వచ్చాడు.

"ఏం పోయిందమ్మా?"

"ఏం పోలేదు."

"మరి దేనికోసం వెతుకుతున్నారు?"

రోజంతా ఆ ప్రశ్నే నమిలాను.

ఆదివారాలు నలుగురైదుగురం కలిసి, ఒకప్పుడు సంత జరిగిన ఖాళీ స్థలానికి వెళ్తాం. స్థలం యజమానిని అడిగి ఒప్పించింది మాతో వచ్చే పళ్ల డాక్టరు. ఆయన తల్లి మడత కుర్చీలో కూర్చుని, అందరం తెచ్చినవి బ్రష్షుతో తుడిచి వేరుచేస్తుంటుంది. ఆవిడ ముందు నాది ఎప్పుడూ తుప్పు కుప్పే. మిగతావాళ్లకి రాగి నాణేలూ, బొత్తాలూ, ఒకసారి వెండి మెట్టె కూడా దొరికాయి. నాకు ఇన్ని నెలల్లో ఒక్క నాణెం లేదు. పళ్ల డాక్టరు నాకు "మేకుల మేడం" అని పేరు పెట్టాడు. నవ్వేశాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

నాది తెర లేని చవక రకం, శబ్దమే ఆధారం. ఇనుముకి బొంగురు కూత, వెండికీ రాగికీ సన్నటి పైకూత వస్తుందని దాంతో ఇచ్చిన పుస్తకంలో ఉంది. నా యంత్రానికి బొంగురు గొంతొక్కటే వచ్చు. నేను నడిచిన దారినే డాక్టరు వెనకాల వచ్చి, నా అడుగుల కింద నుంచి నాణేలు ఏరుకుపోతున్నాడు. ముందే పాతిపెట్టి నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అని కూడా అనుకున్నాను. చూశావా, ఎక్కడిదాకా వెళ్లిందో నా బుర్ర.

ఇక కోపం సంగతి. అది కోపం కాదు, భయం. ఆదివారం ఇంట్లో ఉండలేకే ఇది కొన్నాను. నీ మరిది నాతో మాట్లాడటం మానేశారు.

గొడవేం లేదు. గొడవైతే బాగుండేది. అసలే నోట్లో నాలుక లేని మనిషి, సర్వే ఆఫీసులో మ్యాపులు గీసీ గీసీ మనిషి కూడా గీతలా అయిపోయారు. కానీ పిల్లతో మాట్లాడతారు. పక్కగదిలో ఇద్దరూ గుసగుసలాడుకుని పకపకా నవ్వుతారు. నేను వెళ్లి "ఏంటీ?" అంటాను. "ఏం లేదులే" అంటారు. మళ్లీ అడిగితే పిల్ల, "అబ్బా, వదిలెయ్యమ్మా" అంటుంది. కాలేజీకి వెళ్లే పిల్లకి తల్లి అంటే విసుగు రావచ్చు. పెళ్లై ఇన్నేళ్లయిన మనిషికి ఎందుకు రావాలి? నేనేం చేశాను? రోజూ నన్ను నేనే బోనులో నిలబెట్టుకుంటున్నాను.

మా ప్రెస్సు వాళ్లు వేరే ఊళ్లో శాఖ తెరిచారు. ప్రూఫుల విభాగం చూసుకుంటావా అని అడిగారు. ఒక్కదాన్నే వెళ్లాలి. ఆయన ఒక్క మాట వద్దంటే వెళ్లను. ఏమీ అనకపోతే, అదే నాకు జవాబు.

నీ చెల్లెలు


అక్కా,

"ఆ కర్ర అమ్మేసి కుక్కని పెంచుకో, పిలిస్తే పలుకుతుంది" అని రాశావు. నవ్వాను. కానీ ఈ ఉత్తరం చదువుతూ నువ్వు నవ్వకు.

ఆయనకి చెప్పేశాను. సాయంత్రం సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్నారు. పిల్ల తుడిచి సర్దుతోంది. గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాను. వేరే ఊరు, ఒక్కదాన్నే, ఎన్నాళ్లో తెలీదు అన్నాను. ఆయన ఇటు తిరగలేదు. కుళాయి కట్టలేదు. ఒక గిన్నె కడిగి పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నారు. నీళ్ల చప్పుడు తప్ప ఏం లేదు. పిల్ల నా వైపోసారి చూసి తల దించుకుంది. కాసేపు నిలబడి వచ్చేశాను.

మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్లి, వెళ్తానని కాగితం రాసిచ్చాను. ఆయన కళ్లజోడు తీసి, "నెలాఖరు దాకా నా సొరుగులోనే ఉంటుందమ్మా, ఈలోపు మనసు మారితే చించేద్దాం" అన్నారు. నా మొహం ఎలా ఉందో మరి. ఎందుకు రాశానా అని అప్పట్నుంచీ కుమిలిపోతున్నాను. అలాగని వెనక్కి తీసుకోవడానికి నా దగ్గర కారణమూ లేదు.

ఆ ఉక్రోషమంతా ఆ యంత్రం మీద చూపించాను. దుకాణానికి తీసుకెళ్లి గల్లా మీద పడేశాను.

"ఇది నాణేలకి మోగదు. మార్చి ఇవ్వండి."

దుకాణదారు జేబులోంచి ఒక నాణెం తీసి దాని ముందు అటూ ఇటూ ఆడించాడు. "చూడండి, శుభ్రంగా మోగుతోంది కదమ్మా."

"ఎక్కడ మోగుతోంది?"

"ఇదిగో, మోగుతూనే ఉందిగా!"

పక్కన బ్యాటరీలు కొనుక్కుంటున్న పెద్దాయన నన్నూ అతన్నీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరూ కలిసి వెర్రిదాన్ని చేస్తున్నారనుకున్నాను. ఇంట్లో వాళ్లు చాలరన్నట్టు ఇక్కడ కూడానా అనిపించింది. నాకు తెలిసిన మర్యాదలన్నీ పక్కన పెట్టి నాలుగు మాటలని వచ్చేశాను. దారి పొడుగునా సిగ్గేసింది.

ఆదివారం సంత స్థలంలో తాడో పేడో తేల్చుకోవాలనుకున్నాను. పళ్ల డాక్టర్ని ఆపి, "మీ యంత్రం నాకివ్వండి, నాది మీరు తీసుకోండి" అన్నాను.

"అల్లుడిలా అడుగుతున్నారే," అని నవ్వుతూ ఇచ్చాడు.

కాసేపటికే నా చవక యంత్రంతో రెండు నాణేలు తీశాడు. ఆయన ఖరీదైన యంత్రంతో నాకు దొరికింది ఒక గొళ్లెం ముక్క, ఒక మేకు. దాని తెర వైపు చూడటం నాకు అలవాటు లేదు, చెవులతోనే నడిచాను. గొళ్లెం ముక్కని తిరిగి గుంటలోకే తోసేశాను. ఓడిపోయినందుకు కాదు. ఇప్పుడు తప్పు యంత్రానిది కాదని తేలిపోయింది కదా, అందుకు.

కుర్చీలో కూర్చున్న డాక్టరు తల్లి చేతిలో బ్రష్షు పక్కన పెట్టింది.

"అమ్మాయ్, ఇలా రా. మావాడి మిషను కూడా తీసుకురా." ఒళ్లో ఉన్న నాణేన్ని పట్టుకుని దాని కింద ఆడించింది. "ఏమైనా వినపడుతోందా?"

"లేదండీ."

"నా వయసుదానికి వినపడుతోంది తల్లీ. పిట్ట అరిచినట్టు అరుస్తోంది." తర్వాత మేకు తీసి ఆడించింది. బొంగురుగా మోగింది. "ఇది?"

"వినపడింది."

మేకు నా చేతిలో పెట్టి వేళ్లు మూసింది. డాక్టరు ఈసారి జోకు వెయ్యలేదు, అక్కా. అందరూ ఒక్కసారిగా బూట్ల మట్టి దులుపుకోవడం మొదలుపెట్టారు.

అప్పట్నుంచీ ప్రతి చప్పుడూ తడిమి చూసుకుంటున్నాను. పాలు పొంగితే పాలకుక్కరు విజిల్ రాలేదేమిటనుకున్నాను, విజిల్ వచ్చేసిందట. ఇంకెన్ని వచ్చి వెళ్లిపోయాయో. పిల్లకి చెప్పలేదు. ఆయనకి అసలు చెప్పలేదు. చెవుడొచ్చిందని జాలిపడి వద్దంటే ఆ వద్దు నాకెందుకు? చెవుల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నిద్ర లేదు. పూర్తిగా పోతే ఎలా అని ఒక భయం. చెవి బాగానే ఉందంటే అంతకంటే పెద్ద భయం. అప్పుడు ఆయన నిజంగానే మాట్లాడటం లేదని అర్థం కదా.

నీ చెల్లెలు


అక్కా,

ముందుగా నువ్వు వెళ్లి చెవులు చూపించుకో. బావగారు నీతో సరిగ్గా మాట్లాడటం లేదని నువ్వూ రెండుసార్లు రాశావు. వేళాకోళం కాదు, ఇది కుటుంబాల్లో వస్తుందట.

చిన్న గదిలో కూర్చోబెట్టారు. గోడలన్నీ మెత్తటి దిండ్లలా ఉన్నాయి. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చి, శబ్దం వినపడ్డప్పుడల్లా నొక్కమంది పరీక్ష చేసే అమ్మాయి. తలుపు వేసి అద్దం వెనక్కి వెళ్లింది. నేను నొక్కడం మొదలుపెట్టాను. సన్నగా ఏదో వినిపిస్తోంది, నొక్కాను. మళ్లీ వినిపించింది, మళ్లీ నొక్కాను. ఫరవాలేదు, పాసైపోతున్నానని సంతోషంగా ఉంది. ఆ అమ్మాయి తలుపు తీసి, "మేడం, నేనింకా మొదలుపెట్టలేదండీ" అంది.

తడిమట్టికి మోగే నా యంత్రానికీ నాకూ తేడా లేదక్కా. ఉన్నది వినపడదు, లేనిది మోగుతుంది. చెవులకి బొంగురువి అందుతున్నాయి, సన్నటివి అందడం లేదు. గీసిచ్చిన గీత కొంత దూరం చదునుగా వెళ్లి, దిబ్బ మీంచి జారినట్టు పడిపోయింది. మాటల్లో చివర్లూ, స, త లాంటి సన్నటి అక్షరాలూ అక్కడే ఉంటాయట. ఎదురుగా నిలబడి చెప్తే పెదవులు చూసి కలిపేసుకుంటున్నానట. వీపు తిప్పి చెప్తే, అందులో కుళాయి కూడా తిప్పి ఉంటే, నాకు మనిషే లేడు. ఏళ్ల తరబడి మెల్లగా జారిందట, అందుకే తెలియలేదు. తిరిగి రాదు. చెవి యంత్రంతో చాలావరకు నెట్టుకురావచ్చు. వారం రోజులు వాడి చూడమని ఒక జత పెట్టి పంపారు. వీధిలో నా చెప్పుల చప్పుడుకే ఉలిక్కిపడి వెనక్కి చూశాను.

ఇంటికొచ్చేసరికి నీ మరిది ఆరిన బట్టలు మడతపెడుతున్నారు. పిల్ల సోఫాలో పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఏడవకుండా చెప్పాలనుకున్నాను. జుట్టు పక్కకి తీసి చెవులు చూపించేసరికి ఏడుపొచ్చేసింది. ఆయన చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"నేను పలకరిస్తే నువ్వు జవాబివ్వవు," అన్నారు చివరికి. "ఒకసారి అడుగుతాను, రెండోసారి అడుగుతాను, నువ్వు అలాగే వెళ్లిపోతావు. ఏదో కోపం ఉందనుకున్నాను. తగ్గాక నువ్వే మాట్లాడతావులే అని ఊరుకున్నాను."

"ఎన్నాళ్లు ఊరుకుంటారండీ?"

"నువ్వెన్నాళ్లు ఊరుకున్నావు?"

ఆయన మాట్లాడారు, నాకు వినపడలేదు. నేను పలకలేదు, ఆయన మానేశారు. మానేశాక ఆ మౌనం నిజమే అయిపోయింది. అందులో నా చెవి ఎంతో, మా ఇద్దరి మొండితనం ఎంతో ఏ డాక్టరూ గీత గీసి చెప్పలేడు. "ఏం లేదులే" అన్నదాని గురించి కూడా అడిగాను. మూడోసారి చెప్తే జోకు చప్పబడిపోతుంది కదమ్మా అంది పిల్ల, అని మొహం దాచుకుంది.

అప్పుడడిగాను. "ఆ రోజు గిన్నెలు కడుగుతుంటే వెళ్తానని చెప్పాను కదా. మీరేమన్నారు?"

"వద్దన్నాను."

ఈ మాట కోసమేగా ఇన్నాళ్లూ. మేనేజరు సొరుగులో కాగితం కళ్ల ముందు కదిలింది.

"లేదు నాన్నా," అంది పిల్ల పుస్తకంలోంచి తలెత్తకుండా. "నువ్వు 'నీ ఇష్టం' అన్నావు."

"అన్నానా?"

"అన్నావు. నేను పక్కనే ఉన్నాగా. 'నీ ఇష్టం' అని గిన్నె తోమడం మొదలెట్టావు. నాకు ఒళ్లు మండిపోయింది కూడా."

నేను వినలేకపోయిన మాట అది, అక్కా. నేను ఊహించుకుని ఏడ్చిన మౌనమూ కాదు, ఇప్పుడు ఆశపడిన వద్దూ కాదు. ఆ రోజు విని ఉంటే ఏం చేసేదాన్ని? బహుశా కాగితం దాకా ఆగకుండా ఆ రాత్రే పెట్టె సర్దుకునేదాన్ని. చెవుడు నన్ను ఒకందుకు కాపాడిందేమో అని కూడా ఆ క్షణంలో అనిపించింది. నా సంగతి నీకు తెలుసుగా.

ఆయన తువ్వాలు మడతపెట్టారు. విప్పారు. మళ్లీ మడతపెట్టారు. తర్వాత కుర్చీ చుట్టూ తిరిగొచ్చి సరిగ్గా నా ఎదురుగా, వెలుతురు తన మొహం మీద పడేలా నిలబడ్డారు. మ్యాపులో ఊరి పేరు రాసేటప్పుడు పడేంత జాగ్రత్త ఆ పెదవుల మీద ఉంది.

"వెళ్లొద్దు," అన్నారు. బాగా గట్టిగా. మెట్ల మీద వెళ్తున్న పై వాటా ఆవిడ ఆగి, "ఎవరండీ, ఎక్కడికీ?" అని కేకేసింది. పిల్ల పుస్తకంలో మొహం పెట్టుకుని పడీ పడీ నవ్వింది.

మేనేజరుతో పొద్దున్నే మాట్లాడేశాను. కాగితం చించి బుట్టలో వేశారు. కానీ నేను నీకు చెప్పాలనుకున్నది అది కాదు. ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు ప్రతి అక్షరం వినపడింది, అక్కా, చివరి 'ద్దు'తో సహా. అయినా నేను, ఏమీ విననట్టు మొహం పెట్టి, "ఏంటీ?" అన్నాను.

నీ చెల్లెలు