బావి రాయికి సున్నం

శనివారం, రాత్రి

రేపటి నుంచి జహీరాబాద్‌లోని పాత కట్టడాలను ఎవరికి వారే మ్యాపు పట్టుకుని నడిచి చూడొచ్చు. మ్యాపు గీసింది నేనే కాబట్టి, సాయంత్రం ఒకసారి ఆ దారంతా తిరిగాను. పాత బావి దగ్గర ఆగిపోయాను. శాసనం చెక్కిన రాయి పాలలా తెల్లగా ఉంది! పక్కింటి సత్తెవ్వ సున్నం బకెట్‌తో నవ్వుతూ నిలబడింది.

"రేపు మస్తు మంది వస్తరంటివి గద బిడ్డా. రాయి గట్ల నల్లగుంటే మనకే నామోషి. మంచిగున్నదా?"

"మంచిగున్నది అవ్వా" అన్నాను. ఇంకేమనను?

కడిగితే సున్నం పోతుందో, అక్షరాలే పోతాయో... మ్యాపులో ఆ రాయి పక్కన "దయచేసి ముట్టుకోకండి" అని పెద్దక్షరాల్లో రాశాను. వచ్చేవాళ్లకు చెప్పాను. అవ్వకు చెప్పాలని తోచనే లేదు.